కెమిస్ట్రీ సారు తెలుగు

మా కెమిస్ట్రీ సారు తెలుగును తిట్టడానికి మాత్రమే వాడేవాడు. పాఠం ఇంగ్లీషులో, కబుర్లు ఒడియాలో, తిట్లు తెలుగులో. బరంపురంలో రెండు మూడు భాషలు కలిపి మాట్లాడటం వింతేమీ కాదు. బడా బజార్లో ఒక భాషలో మొదలైన బేరం ఇంకో భాషలో తెగుతుంది. కానీ ఒక భాషను చెప్పుల్లాగా గుమ్మం బయట వదిలి, అవసరం పడితే తీసి కొట్టే మనిషిని ఆయనొక్కణ్ణే చూశాను. ఆయన ఇంట్లో మాట్లాడేదీ తెలుగేనని మాకెవరూ చెప్పలేదు. ఆ తిట్లే చెప్పాయి. బడిలో నేర్చుకున్న తెలుగులో అంత సొంపుగా తిట్టడం ఎవరి తరమూ కాదు.

"ఏటే గుంటా, బుర్ర బోటులో వదిలీసొచ్చినావేటి?" అనేవాడు నన్ను. మావైపు గుంట అంటే ఆడపిల్ల. నేను బరంపురం దగ్గర్లో సముద్రపొడ్డునున్న రామయ్యపట్నం పిల్లను. మా నాన్న సముద్రానికి వెళ్ళే మనిషి. ఆ క్లాసులో ఆ మాటకు పూర్తి అర్థం తెలిసినవాళ్ళం నలుగురైదుగురమే. మిగతావాళ్ళు ఆయన గొంతు విని నవ్వేవాళ్ళు.

ఆయన పోయాడని రమేశ్ ఫోన్ చేశాడు. మా బ్యాచ్‌లో పెళ్ళికైనా చావుకైనా ముందుండి నడిపించేవాడు అతనే. "ఆదివారం సంతాపసభ పెట్టినాము. నువ్వు మాట్లాడాల రత్నం. సారుకి నువ్వంటే ఎంత ఇదో అందరికీ తెల్సు కదా," అన్నాడు. వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో చూస్తే వరసగా దండాలు, దీపాలు, గురుదేవులు. అందరూ ఆయన్ను 'గారు' అంటున్నారు. నాకు 'ఆయన' దాకానే నోరొస్తుంది. అది కూడా వయసుకిచ్చే మర్యాద.

పాఠం బాగా చెప్పేవాడు. ఈ మాట ఎగ్గొడితే నేను చెప్పే మిగతావి ఎవరూ నమ్మక్కర్లేదు. ఆమ్లాలు, క్షారాలు ఆయన చెప్పినట్టు ఇంకెవరూ చెప్పగా నేను వినలేదు. ఇప్పుడు నేను ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఆ పాఠం వచ్చినప్పుడు నా నోట్లోంచి ఆయన మాటలే వస్తాయి. ఒళ్ళు మండుతుంది, అయినా అవే చెబుతాను. వాటికన్నా మంచివి నా దగ్గర లేవు.

ల్యాబులో ఆయనకొక తెల్లటి పింగాణీ పలక ఉండేది. దాన్ని జేబురుమాలుతో తుడిచి, బ్యూరెట్ కింద పెట్టి, దాని మీద ఫ్లాస్కు పెట్టేవాడు. ఫ్లాస్కులో ఆమ్లం, అందులో రెండు చుక్కల ఫినాఫ్తలీన్. పైన బ్యూరెట్లో క్షారం. ఎడమచేత్తో కుళాయి తిప్పుతూ, కుడిచేత్తో ఫ్లాస్కును గుండ్రంగా తిప్పేవాడు. చుక్క పడ్డచోట గులాబీరంగు మెరిసి మాయమయ్యేది. మెరిసి మాయమయ్యేది. ఒక చుక్కకు మాత్రం మాయమవకుండా నిలబడిపోయేది. ఉందా లేదా అన్నంత లేతగా. "ఇది," అనేవాడు ఇంగ్లీషులో, చాలా మెల్లగా. "దీనికి ముందు చుక్క అజ్ఞానం. తర్వాతి చుక్క పొగరు."

మాలో ఎవరి చెయ్యైనా తొందరపడి ఆ తర్వాతి చుక్క వేసేస్తే ఫ్లాస్కంతా చిక్కటి గులాబీరంగు అయ్యేది. అప్పుడాయన ఆ ఫ్లాస్కు వాళ్ళ చేతికే ఇచ్చి, బల్ల బల్లకీ తిప్పి చూపించి రమ్మనేవాడు. "పెళ్ళికూతురొస్తన్నాది, దారియ్యండి," అనేవాడు వెనకనుంచి. మగపిల్లలకూ అదే మాట. ఒకసారి ఒకబ్బాయి సగం దారిలో ఫ్లాస్కు ఎవరిదో బల్ల మీద పెట్టేసి బయటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ సైన్సు క్లాసుకే రాలేదు. సారు రిజిస్టర్లో అతని పేరు కొట్టేస్తూ, "తేలిపోనాడు," అన్నాడు.

సీసాలో ఉన్నదాన్ని వాసన చూడాలంటే ముక్కు దగ్గర పెట్టకూడదు. సీసా దూరంగా పట్టుకుని, మూతి మీది గాలిని చేత్తో కొద్దిగా మన వైపు విసురుకోవాలి. మొదటి వారంలోనే నేర్పాడు. నేర్పిన మర్నాటినుంచి మా బల్ల పక్కగా వెళ్ళినప్పుడల్లా నా తల మీద గాలిని అలాగే చేత్తో తనవైపు విసురుకునేవాడు. ఏమీ అనేవాడు కాదు. కళ్ళు మూసుకుని, అమ్మోనియా సీసాకు చేసినట్టే చేసి ముందుకు నడిచేవాడు. క్లాసు పొట్టలు పట్టుకుని నవ్వేది.

అప్పుడు నేను మా పిన్ని ఇంట్లో ఉండేదాన్ని. పిన్ని మార్కెట్లో చేపలమ్మేది. పొద్దున్నే ఆవిడతో కూర్చుని చేపలు శుభ్రం చేసి, స్నానం చేసి, కాలేజీకి పరిగెత్తేదాన్ని. సబ్బు ఎంత రుద్దినా ఆ వాసన గోళ్ళ సందుల్లో ఉండిపోయేది.

ఒకరోజు ఆయన చేతిలో నిమ్మకాయ పట్టుకొచ్చాడు. నన్ను ముందుకు పిలిచి, అరచేతులు చాపమన్నాడు. చేపకు ఆ వాసన ఇచ్చేది ఒక క్షారమని, అది తేలిగ్గా ఆవిరై ముక్కుకు తగులుతుందని చెప్పాడు. తడిపిన ఎర్ర లిట్మస్ కాగితం నా అరచేతిలో పెట్టి నీలం అవుతుందని అందరినీ చూడమన్నాడు. అవలేదు. "కాగితం పాతది," అని విసిరేశాడు. తర్వాత నిమ్మచెక్క నా చేతుల్లో పిండి, వేలివేలికీ రుద్దాడు. "ఇప్పుడు ఆ క్షారం ఆమ్లంతో కలిసి లవణం అయింది. లవణం ఎగరదు. అందుకే మీ ఇంట్లో చేపకూర మీద నిమ్మకాయ పిండుతారు," అని క్లాసుతో ఇంగ్లీషులో చెప్పి, నా వైపు తిరిగి తెలుగులో, "రోజూ ఓ కాయ తెచ్చుకో. క్లాసు బతుకుద్ది," అన్నాడు.

చెప్పినదంతా నిజమే. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది, అందరం రాశాం. పొద్దున చేపముల్లు గీరిన చోట నిమ్మరసం పడి మండిన సంగతి మాత్రం నేనెక్కడా రాయలేదు.

ఆ బల్ల మీద నా పక్కన కూర్చునేది తులసి. వాళ్ళది కొడల. చాలాకాలం కిందట అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళు. బజారులో పుస్తకాలు, పెన్నులు అమ్మే చిన్న దుకాణం. పొట్టిగా ఉండేది, నెమ్మదిగా ఉండేది. నిమ్మకాయ రోజు నేను వచ్చి కూర్చుంటే, తన చేతిరుమాలు తీసి బల్ల కింద నా వేళ్ళు తుడిచింది.

కొన్నాళ్ళకు క్షారాల పాఠం. సోడియం హైడ్రాక్సైడు చుక్కను నీళ్ళలో బాగా పల్చన చేసి, మా అందరి వేళ్ళకూ అంటించాడు. జారుడుగా, మెత్తగా ఉంది. "సబ్బులా ఉంది కదా. ఆ సబ్బు సీసాలోంచి రాలేదు. మీ చర్మంలోని కొవ్వునే అది సబ్బుగా మారుస్తోంది. వెళ్ళి కడుక్కోండి," అన్నాడు. అందరం కుళాయి దగ్గరికి పరుగెత్తాం. తిరిగొచ్చాక చెప్పాడు. ఆమ్లం పడితే భగ్గుమంటుంది, మనిషి జాగ్రత్తపడతాడు. క్షారం చప్పుడు చెయ్యకుండా లోపలికి పోతూనే ఉంటుంది. కంట్లో పడితే ఏం చెయ్యాలి? నీళ్ళు. మంట తగ్గితే? అయినా నీళ్ళు. ఎప్పటిదాకా? డాక్టరు ఆపమనేదాకా. ఇది మా అందరిచేతా మూడుసార్లు గట్టిగా చెప్పించాడు. కాబట్టి ఆయనకు తెలియదని ఎవరూ నాతో అనొద్దు.

కాలేజీకి తనిఖీ వాళ్ళు వచ్చిన రోజు ల్యాబును పెళ్ళిపందిరిలా సర్దాడు. ల్యాబులో పెట్టుకోవాల్సిన రక్షణ కళ్ళద్దాలు కొత్తవి తెప్పించి, కవర్లు విప్పకుండా అలమరా అద్దాల వెనక వరసగా పెట్టాడు. బ్యూరెట్ స్టాండ్లన్నీ ఒకే ఎత్తులో బిగించాడు. "ఎవులూ స్టాండు దింపకండి ఎదవల్లారా. వరస సెడిపోద్ది," అని తెలుగు తెలిసిన మా నలుగురైదుగురికీ విడిగా తెలుగులో చెప్పాడు.

బ్యూరెట్ నింపేటప్పుడు స్టాండు కిందికి దింపుకుని, గరాటు కంటికన్నా కిందుండేలా చూసుకోవాలి. అదీ ఆయన నేర్పిందే. తులసి మునివేళ్ళ మీద లేచి, తలెత్తి చూస్తూ క్షారం పోసింది. గరాటు బిగుసుకుపోయి లోపలి గాలికి దారి లేదు. ద్రావణం ఒక్కసారి పైకి తన్నింది.

తులసి అరవలేదు. "కళ్ళల్లో పడ్డాది," అంది, అంతే.

సారు పరుగెత్తుకొచ్చాడు. "ఏటైనాది? ఏటైనాదమ్మా?" అన్నాడు. తిట్టు లేని తెలుగు ఆయన నోట వినడం అదే మొదలు. కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి మగ్గుతో నీళ్ళు కొట్టాడు. ఒకటి, రెండు, మూడు. అంతలో వరండాలో మాటలు వినిపించాయి. ప్రిన్సిపాల్ తనిఖీ వాళ్ళకు పక్కగది చూపిస్తున్నాడు. సారు కుళాయి కట్టేశాడు.

ల్యాబును ఆనుకుని త్రాసులుండే చిన్న గది ఒకటుంది. మా ఇద్దరినీ అందులోకి తీసుకెళ్ళాడు. తులసిని స్టూలు మీద కూర్చోబెట్టి, పలక తుడిచే ఆ రుమాలే చేతికిచ్చాడు. "సాలు. కొట్టుకుపోనాది. ఏడుపులు ఇనిపించకూడదు," అన్నాడు.

"సార్, నీళ్ళు," అన్నాను లేవబోతూ.

"కూకో."

కూర్చున్నాను.

తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు. ఆ గదిలో కుళాయి లేదు. తులసి రుమాలు ఒత్తుకుంటూ, "మంట తగ్గినాది. మసగ్గా ఉన్నాది," అంది. మంట తగ్గితే అయినా నీళ్ళు. మూడుసార్లు గట్టిగా చెప్పిన పిల్లను నేను. తలుపుకు తాళం కూడా లేదు. తోసుకుని వెళ్ళి నీళ్ళు తేవచ్చు, అరవచ్చు, తులసి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్ళవచ్చు. అవతల ఆయన తనిఖీ వాళ్ళకు ఇంగ్లీషులో ల్యాబు భద్రత గురించి చెబుతున్నాడు. వాళ్ళు మెచ్చుకుంటున్నారు. టీ గ్లాసుల చప్పుడు వినిపించింది. పీరియడు గంట కొట్టేదాకా నేను అక్కడే కూర్చున్నాను.

తర్వాత ఆటోలో ఆయనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. ఎంతసేపు కడిగారని డాక్టరు అడిగితే, "అరగంట," అన్నాడు, తడుముకోకుండా. తులసి కుడికన్ను బాగుపడింది. ఎడమకన్ను మీద తెల్లటి పొర కమ్మింది. చూపు పోయింది.

వారం తర్వాత నన్ను తన గదికి పిలిచి కుర్చీ చూపించాడు. విద్యార్థులకు ఆయన కుర్చీ వెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

"తిన్నావా అమ్మా?" అన్నాడు. "మీ నానెలగున్నాడు? ఏట బాగున్నాదా?"

మా నాన్న గురించి, సముద్రంలో చేపల వేట గురించి, మా ఊళ్ళోవాళ్ళు అడిగినట్టే అడిగాడు. తర్వాత ఒక కాగితం ముందుకు జరిపాడు. విద్యార్థిని చెప్పినమాట వినకుండా కళ్ళద్దాలు తీసేసిందని, ప్రమాదం జరిగిన వెంటనే అరగంటసేపు కళ్ళు కడిగామని అందులో ఉంది. కింద సాక్షి సంతకానికి చోటు.

"మనోళ్ళం మనం ఒకరికొకరం ఉండాల కదమ్మా. ఈ ఊర్లో మనకెవులున్నారు? పెట్టమ్మా సంతకం."

మార్కుల మాట ఎత్తలేదు. బెదిరించలేదు. బెదిరించి ఉంటే ఎదురు తిరిగేదాన్నేమో అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. రెండేళ్ళ కాలేజీలో నాతో మెత్తగా మా ఊరి మాట మాట్లాడిన పెద్దవాళ్ళు ఎవరూ లేరు. మాట్లాడింది ఆయన, అదీ ఆ రోజు. సంతకం పెట్టాను.

ప్రాక్టికల్స్‌లో నాకు ముప్పైకి ముప్పై వచ్చాయి. నా తల మీద గాలి విసురుకోవడం ఆయన మానేశాడు. నాతో తెలుగు మాట్లాడటమూ మానేశాడు. తిట్లు కూడా లేవు. తులసి వాళ్ళ నాన్న కాలేజీకి వచ్చి గొడవపెడితే ఆ కాగితం చూపించి పంపేశారు. తులసి సైన్సు వదిలేసి కొడల వెళ్ళిపోయింది. నేను చూడటానికి వెళ్ళలేదు.

ఆదివారం సభకు హాలు నిండింది. పూలదండ వేసిన ఫొటో పక్కన ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. పింగాణీ పలక గురించి చెప్పారు, పెళ్ళికూతురు మాట చెప్పి నవ్వించారు. నన్ను పిలిచారు. ఒడియాలో మొదలుపెట్టాను. త్రాసుల గది దగ్గరికి వచ్చేసరికి తెలుగులోకి వచ్చేశాను. కుళాయి కట్టేయడం, తలుపు వెయ్యడం, అరగంట అని అబద్ధం చెప్పడం, కాగితం, నా సంతకం, అన్నీ చెప్పాను. ఎవరూ అడ్డుపడలేదు. అయ్యాక రమేశ్ మైకు తీసుకుని, "సారు పోయిన బాధలో ఉన్నాది," అని తర్వాతి మనిషిని పిలిచాడు. ఆ మనిషి సారు దానగుణం గురించి చెప్పాడు.

చెప్పులు వేసుకుంటుంటే సారు భార్య వచ్చి నా పక్కన నిలబడింది. ముందువరసలో కూర్చుని అంతా విన్నది.

"ఆ గుంట పేరు తులసి. నాకు తెల్సమ్మా," అంది. "ఆయన మరిసిపోనేదు. మా ఇంట్లో తులసికోట తీయించీసినారు. ఎందుకంటే సెప్పీవోరు కాదు. ఆ పేరు ఇంటే లేసి ఎలిపోయీవోరు. లోపల్లోపలే కుమిలిపోనారమ్మా."

ఆవిడ ముఖం చూస్తే జాలి పుట్టాలి. నాకు కోపమే వచ్చింది. తప్పు చేసినవాడు కుమిలిపోయాడని విని, అన్యాయం జరిగినవాళ్ళు ఊరుకోవాలన్నమాట.

"కొడలకి గంటకో బస్సుంటాదమ్మా," అన్నాను.

నేను వచ్చేశాను. దారంతా ఆ మాటను మనసులో మళ్ళీ మళ్ళీ అనుకుని తృప్తిపడ్డాను. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే తట్టింది. ఆ బస్సు మా బడి ముందునుంచే వెళుతుంది. ఇరవై ఏళ్ళుగా రోజూ చూస్తున్నాను.

మర్నాడు సెలవు పెట్టి ఎక్కాను.

దుకాణం పాతదే, జెరాక్స్ మెషీను కొత్తగా చేరింది. తులసి తల కొంచెం ఎడమకు తిప్పి, కుడికంటితో నన్ను చూసింది. "రత్నం," అంది. అడిగినట్టు అనలేదు. స్టూలు చూపించింది.

"సారు పోనాడు," అన్నాను.

"తెల్సు. పేపర్లో ఏసినారు."

"ఆ కాయితం మీద సంతకం నాదే తులసీ."

"అదీ తెల్సు. నాన్నకి సదివి ఇనిపించినారు కదా. సాక్షెవులని అడిగితే నీ పేరు సెప్పినారు."

ఒక స్కూలుపిల్ల వచ్చి గ్రాఫు కాగితాలు అడిగింది. తులసి తీసిచ్చింది. పిల్ల వెళ్ళేదాకా నేను ఆగాను.

"మరి నన్నెప్పుడూ అడగనేదేటి?"

"అడగడానికి నాను రావాలేటి?"

నేను తలొంచుకున్నాను. తులసి గ్రాఫు కాగితాల కట్ట సర్దుతూ అంది.

"ఆయన ఓపాలి ఇక్కడికొచ్చినాడు."

"ఎవులు, సారా?"

"నాన్న కాలం సేసిన ఏడాది. అదిగో, ఆ గుమ్మంలో నిలబడి ఒడియాలో రెండు తెల్లకాయితాలడిగినాడు. గొంతు ఇనగానే తెల్సిపోనాది. ఇచ్చినాను. నా ముకం సూసినాడు. సానాసేపు సూసినాడు. ఏటైనా అంటాడేమోనని నానూ సూసినాను."

"ఏటన్నాడు?"

"ఏటీ అన్నేదు. కాయితాలు బల్ల మీదే ఒగ్గీసి ఎలిపోనాడు."

నాలో మళ్ళీ పాత కోపమంతా లేచింది. అంతదూరం వచ్చి, ఆ కన్ను చూసి, ఒక్క తెలుగు మాట అనలేకపోయాడు. దొంగసాక్ష్యం అడగడానికి వచ్చిన తెలుగు, తప్పయిందనడానికి రాలేదు.

"పిరికి మనిషి," అన్నాను.

"అవును, పిరికోడే," అంది తులసి. "అయినా ఆయనొచ్చినాడు."

మెషీను మీద దుమ్ము తుడుచుకుంటూ ఉండిపోయింది. ఇంక నాతో చెప్పాల్సిందేమీ తన దగ్గర లేదని అర్థమైంది. లేచాను.

"ఎల్లొస్తానే తులసీ," అన్నాను.

మావైపు ఆ మాటకు జవాబు ఒకటే. పగవాళ్ళకైనా 'ఎల్లిరా' అంటారు. నేను గుమ్మంలో నిలబడి ఆ మాట కోసం చూశాను.

"ఎల్లు," అంది తులసి. "మెట్టు ఎత్తుగా ఉన్నాది. సూసుకోని దిగు."

చూసుకుని దిగాను.